బీచ్ రోడ్డు మీద కళ్లు తిరిగిన మనిషి, ఆయన మాత్రల డబ్బా

మే మూడో వారం, ఆదివారం. ఉదయం ఏడుంపావు. మా క్లినిక్ వైజాగ్ చినవాల్తేరులో, ఇల్లు ఆ పైనే. కింద షట్టర్ మీద ఎవరో దబదబా కొడుతున్నారు. దిగి చూస్తే ఆటోలో 63 ఏళ్ల నా పాత పేషెంట్, ఆయన్ని చెరోవైపు పట్టుకుని ఇద్దరు మార్నింగ్ వాకర్లు. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర నడుస్తూ నడుస్తూ కూలబడిపోయారట. "కొబ్బరి నీళ్లు పట్టించాం మేడం. లేచి కూర్చున్నారు గానీ నిలబెడితే మళ్లీ తూలిపోతన్నారు" అన్నాడు వాళ్లలో ఒకతను.

ఆ సమయానికి ఫోన్‌లో చూపించిన ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, గాలిలో తేమ 85 శాతం. వడగాలుల హెచ్చరికేమీ లేదు. తీరప్రాంతంలో వడగాలి అని వాతావరణ శాఖ ప్రకటించాలంటే కనీసం 37 డిగ్రీలు ఉండాలి, అదీ మామూలు కన్నా 4.5 డిగ్రీలైనా పెరగాలి. ఎండ దెబ్బ అనగానే మనకి రెంటచింతల, మిట్టమధ్యాహ్నం గుర్తొస్తాయి గానీ, 30 డిగ్రీల్లో, సముద్రం పక్కన, పొద్దున్నే మనిషి పడిపోతాడని ఎవరూ అనుకోరు. నేనూ ఆ షట్టర్ ఎత్తేటప్పుడు గుండెపోటు అనే అనుకున్నాను.

ఈ కేసు ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆ పూట చూసినవి

ఒళ్లంతా చెమటతో ముద్దయి ఉంది. వేసుకున్నది మందపాటి పాలియెస్టర్ ట్రాక్ సూట్, నిండు చేతులు, మెడదాకా జిప్పు. అది ఒంటికి అతుక్కుపోయి రాకపోతే కత్తిరించేశాను. కొత్త సూట్ పాడుచేశానని ఆయన ఇప్పటికీ అంటుంటారు.

మంచం మీద పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాం. పడుకున్నప్పుడు బీపీ 96/60, పట్టుకుని కూర్చోబెడితే 78/50కి పడిపోయింది. నాడి 116. ఆక్సిజన్ 97. షుగర్ 132. ఈసీజీలో గుండె వేగం తప్ప తేడా ఏమీ కనపడలేదు. చంకలో జ్వరం చూస్తే 38.2 డిగ్రీల సెల్సియస్. చంకలో పెట్టిన థర్మామీటర్ లోపలి వేడిని తక్కువ చేసి చూపిస్తుంది, కాబట్టి ఆ అంకెని నమ్మి కూర్చోలేదు. పేరు అడిగాను. ఈరోజు ఏ వారమో అడిగాను. రాత్రి ఏం తిన్నారని అడిగాను. మూడింటికీ సరిగ్గా చెప్పారు. మూడోదానికైతే "పెసరట్టు, ఉప్పులేని పచ్చడి" అని భార్య మీద ఫిర్యాదు కూడా జోడించారు. అప్పుడు నా టెన్షన్ సగం తగ్గింది.

తెలివి గురించి అంత పట్టుబట్టి అడగడానికి కారణం ఉంది. లోపలి వేడి 40 దాటి, మాట తడబడి, మనిషి తికమకగా ప్రవర్తిస్తే అది అసలైన వడదెబ్బ. అప్పుడు క్లినిక్‌లో పెట్టుకుని సెలైన్ ఎక్కిస్తూ కూర్చోకూడదు. ఒంటి మీద నీళ్లు గుమ్మరిస్తూ, ఫ్యాన్ పెట్టి, 108కి ఫోన్ చేయాలి. మగతగా ఉన్న మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. "చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే" అనడం కూడా తప్పే. నడుస్తూనో పనిచేస్తూనో పడిపోయినవాళ్లకి చెమట ధారగా కారుతున్నా వడదెబ్బ తగిలి ఉండొచ్చు.

ఈయనది ఆ దశకి చేరలేదు. తడి తువాళ్లు మెడకీ చంకలకీ గజ్జలకీ పెట్టి, ఫ్యాన్ కింద ఉంచి, సెలైన్ మొదలుపెట్టాను. అరవై దాటిన షుగర్ పేషెంట్ కళ్లు తిరిగి పడ్డాడంటే గుండె సంగతి పూర్తిగా తేల్చుకోవాలి కాబట్టి తొమ్మిదింటికల్లా ఆసుపత్రికి పంపాను. అక్కడ ఒక రాత్రి ఉంచుకుని చూశారు. గుండె బాగానే ఉంది. రక్తపరీక్షలో సోడియం 129 వచ్చింది, ఉండాల్సింది 135 పైన. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6. ఫిబ్రవరిలో నేను చేయించినప్పుడు అది 1.0. పొటాషియం 5.2, కాస్త ఎక్కువ.

ఒంట్లో నీరు తగ్గిందని బీపీ, క్రియాటినిన్ చెబుతున్నాయి. కానీ నీరు మాత్రమే తగ్గితే సోడియం పెరగాలి. ఇక్కడ పడిపోయింది. అంటే నీళ్లతో పాటు ఉప్పూ పోయింది, పోయిన ఉప్పు తిరిగి రాలేదు, నీళ్లు మాత్రం వచ్చాయి. ఎలా అన్నది మర్నాడు ఆయన భార్య చెప్పింది.

ఇంట్లో జరిగింది

ఆయన స్టీల్ ప్లాంట్‌లో కోక్ ఓవెన్ల దగ్గర, అంటే బొగ్గు కాల్చే బట్టీల దగ్గర పనిచేసి మూడేళ్ల కిందట రిటైర్ అయ్యారు. ఎంవీపీ కాలనీలో పై అంతస్తు ఫ్లాట్. బరువు 84 కిలోలు. బెంగళూరులో కొడుకు దగ్గర రెండు నెలలు ఉండి మే మొదట్లో వచ్చారు. వస్తూనే ఒక సంకల్పం చెప్పుకున్నారు: ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేయాలి, 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. దానికి ప్రాక్టీసుగా మర్నాటి నుంచే బీచ్ రోడ్డు మీద గంటసేపు గబగబా నడక. ఆరింటికి మొదలు. చెమట ఎంత కారితే కొవ్వు అంత కరుగుతుందని ఎవరో చెబితే ఆ ట్రాక్ సూట్ కొన్నారు.

ఆసుపత్రి మంచం మీద నుంచే నాతో వాదన. "డాక్టరమ్మా, ముప్పై ఏళ్లు కోక్ ఓవెన్ల మీద నడిచినోణ్ణి. ఈ ఎండ నాకో లెక్కా?"

లెక్కే. వేడికి ఒళ్లు అలవాటు పడటం అనేది బ్యాంకులో డిపాజిట్ కాదు. రోజూ వేడిలో పనిచేస్తే పది పద్నాలుగు రోజుల్లో వస్తుంది: రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పోస్తుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, అదే పనికి గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది. మానేస్తే మూడు నాలుగు వారాల్లో దాదాపు అంతా పోతుంది. ఈయన మానేసి మూడేళ్లు. పైగా రెండు నెలలు బెంగళూరు, తిరిగొచ్చాక రాత్రంతా 20 డిగ్రీల ఏసీ. ఆ ఒళ్లు మే నెల వైజాగ్‌ని కొత్తగా చూస్తున్న ఒళ్లు.

భార్య చెప్పిన సంగతులు ఇంకా ముఖ్యమైనవి. "బీపీ కదండీ, ఉప్పు పూర్తిగా మానిపించేశాను. మజ్జిగలో కూడా వెయ్యట్లేదు. నడిచొచ్చాక మూడు లీటర్ల నీళ్లు దగ్గరుండి తాగిస్తున్నాను. రోజుకి రెండు కొబ్బరి బోండాలు." ఆవిడ శ్రద్ధలో లోపం లేదు. అన్నీ మేం డాక్టర్లం చెప్పేవే, పేపర్లలో వచ్చేవే. కానీ చెమటలో ఉప్పు పోతుంటే ఉత్త నీళ్లు లీటర్లకొద్దీ తాగించడం పులుసులో నీళ్లు కలపడం లాంటిది. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కిడ్నీ కాస్త దెబ్బతిని ఉన్నప్పుడు, బీపీకి టెల్మిసార్టన్ వాడుతున్నప్పుడు ఆ పొటాషియం పేరుకుంటుంది. ఆ 5.2 అలా వచ్చిందే.

తర్వాత ఆవిడ సంచిలోంచి మాత్రల డబ్బా తీసింది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్. డాపాగ్లిఫ్లోజిన్, అంటే షుగర్‌ని మూత్రంలోకి పంపించే మాత్ర, దాంతో పాటు నీరూ పోతుంది. టెల్మిసార్టన్‌తో క్లోర్తాలిడోన్ కలిసిన బీపీ మాత్ర. క్లోర్తాలిడోన్ నీరు లాగే మందు. నీటితో పాటు సోడియాన్ని బయటికి పంపుతుంది, పైగా మనిషి నీళ్లు ఎక్కువ తాగినప్పుడు మూత్రాన్ని పలచన చేసి ఆ మిగులును వదిలించుకునే పని కిడ్నీని చేయనివ్వదు. చెమట ఒకవైపు, రెండు మాత్రలు ఇంకోవైపు, మధ్యలో ఉప్పులేని మజ్జిగ.

ఆ క్లోర్తాలిడోన్ ఫిబ్రవరిలో రాసింది నేనే. అప్పుడు బీపీ 152/94, మాత్ర అవసరమే. కానీ మూడు నెలల్లో వేసవి వస్తుందని చీటీ రాస్తున్నప్పుడు నాకు తట్టలేదు. మే నెలలో ఒకసారి వచ్చి కనపడమని కూడా చెప్పలేదు.

పొద్దున్నే చల్లగా ఉంటుందనే నమ్మకం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. వైజాగ్‌లో రోళ్లు పగలవు, మనుషులు ఉడుకుతారు. ఎందుకో ఆయనకి చెప్పడానికి నేనొక లెక్క వేసి చూపించాను.

థర్మామీటర్ బల్బుకి తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే, నీరు ఆవిరయ్యే కొద్దీ అంకె దిగుతుంది. దిగి ఆగిన అంకెని తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. మన ఒళ్లు కూడా ఒక తడి బల్బే. 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్నచోట ఆ అంకె సుమారు 24. 30 డిగ్రీలు, తేమ 85 శాతం ఉన్న మన బీచ్ రోడ్డు మీద సుమారు 28. మధ్యాహ్నం 34 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే 30. ఇది 35కి చేరితే ఆరోగ్యంగా ఉన్న మనిషి నీడలో ఊరికే కూర్చున్నా ఒళ్లు చల్లబడే దారి ఉండదని సైన్సు పెట్టిన హద్దు. కష్టపడి నడిచేవాళ్లకి, వయసు మళ్లినవాళ్లకి ఆ హద్దు చాలా ముందే వస్తుంది. ఈ మాటకి రెంటచింతల మధ్యాహ్నం మంచిదని అర్థం కాదు, అక్కడ గాలే ఒంటికి వేడి ఎక్కిస్తుంది. చెమట పనిచేసే తీరు గురించి మాత్రమే చెబుతున్నాను.

ఒక లీటరు చెమట చర్మం మీదే ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. అదే లీటరు ధారగా కారి నేలమీద పడితే దాదాపు ఏమీ తీసుకుపోదు. నీరూ ఉప్పూ పోవడం మాత్రం ఖాయం. పాలియెస్టర్ సూట్ లోపల జరిగింది ఇదే. కొవ్వు కరగడానికీ దీనికీ సంబంధం లేదు. ఆ బరువు రెండు గ్లాసులు తాగితే తిరిగి వచ్చే బరువు.

పైగా రోజంతటిలో గాలిలో తేమ ఎక్కువగా ఉండేది తెల్లవారుజామునే. సముద్రపు గాలి పొద్దెక్కాక గానీ పుంజుకోదు. తెల్లారేవేళ ఆకు కదలని రోజులు మేలో బోలెడు. మన బీచ్ తూర్పు ముఖం. మే చివర్లో సూర్యుడు ఐదున్నరలోపే సముద్రంలోంచి లేచి ఎదురుగా ముఖం మీద కొడతాడు. అంటే ఆరింటికి బయల్దేరినవాళ్లు చల్లదనం కోసం కాస్త ఆలస్యంగా వచ్చినట్టే. ఊరిలో అన్ని చోట్లా ఒకేలా కూడా ఉండదు. ఒకవైపు సింహాచలం, కైలాసగిరి కొండలు, ఇంకోవైపు యారాడ కొండ, నడుమ గిన్నెలా ఊరు. సముద్రానికి దూరంగా ఎన్ఏడీ, గోపాలపట్నం వైపు వెళ్తే ఆ తేడా చొక్కాకే తెలుస్తుంది.

మళ్లీ నడిపించడం

ఇలాంటి కేసుల్లో డాక్టర్లకి సులువైన దారి ఒకటుంది: "వేసవి అయ్యేదాకా ఇంట్లోనే ఉండండి" అనేయడం. షుగర్ ఉన్న మనిషిని మార్చి నుంచి జూన్ దాకా సోఫాలో కూర్చోబెడితే అక్కడ పాడయ్యేది ఇంకోటి. పైగా ఈయన వినే రకం కాదు, నాకు చెప్పకుండా వెళ్తారు. అందుకని ప్రదక్షిణ వద్దనలేదు. లెక్క మార్చాను.

ముందు మాత్రలు. క్లోర్తాలిడోన్ ఆపేశాను. మిగతా మూడూ కొద్దిరోజులు ఆపించి, క్రియాటినిన్ 1.1కి దిగి సోడియం 135కి వచ్చాక ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టాను, డాపాగ్లిఫ్లోజిన్ అన్నింటికన్నా ఆఖరున. వాంతులో విరేచనాలో పట్టుకున్నా, తిండి తినలేకపోయినా ఆ మాత్ర ఆపి నాకు ఫోన్ చేయాలని డబ్బా మూత మీద రాసిపెట్టించాను. ఇది చదివి ఎవరూ తమ మాత్ర తాము ఆపేయకండి. గుండె బలహీనంగా ఉండి నీరు లాగే మాత్ర వాడేవారి లెక్క పూర్తిగా వేరు. డబ్బా పట్టుకుని మార్చిలోనే మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఉప్పు మామూలుగా వేయమన్నాను, పచ్చళ్లు పక్కన పెట్టి. ఆవిడకి అది మింగుడుపడలేదు, రెండుసార్లు ఫోన్ చేసి "నిజంగానేనాండీ" అని అడిగింది. నడిచొచ్చాక తాగడానికి ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, లేదా ఆవిడ పుట్టింటివాళ్లు చేసే చోడి (రాగి) అంబలి. చెమట బాగా పట్టిన రోజు ఓఆర్ఎస్. షుగర్ ఉందని ఆవిడ భయపడింది గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్యాకెట్‌లో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే, ఆయన తాగేది గ్లాసు, రెండు గ్లాసులు. ప్యాకెట్ మాత్రం చూసి కొనాలి. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని చక్కెర నీళ్లు అమ్మే డబ్బాలు చాలాకాలం నడిచాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

నడక విషయంలో నాకు పనికొచ్చింది ఫ్యాక్టరీల సూత్రం. వేడిలో పనికి కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజు 20 శాతం పనే ఇవ్వాలి, తర్వాత రోజుకి 20 శాతానికి మించి పెంచకూడదని పనిచోట ఆరోగ్యం, భద్రత చూసే అమెరికా సంస్థ ఎన్ఐఓఎస్‌హెచ్ చెబుతుంది. ఈయన వయసుకీ పడిన దెబ్బకీ దాన్ని సగం కన్నా తక్కువ వేగానికి దించాను. వారం విశ్రాంతి. తర్వాత 12 నిమిషాలతో మొదలు, రోజు మార్చి రోజు ఆరేడు నిమిషాలు పెంపు. ఉదయం ఐదింటికి బయల్దేరి సూర్యుడు పైకి రాకముందే ఇంటికి. వదులుగా ఉండే నూలు చొక్కా. మాట్లాడుతూ నడవగలగాలి, నాడి 110 దాటితే ఆగాలి. ఏసీ 27 పెట్టి ఫ్యాన్ వేసుకోవాలి. "చల్లగా ఉందని సముద్రంలోకి దిగొద్దు" అని కూడా చెప్పాను. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాల సంగతి ఊళ్లోవాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, ఈయన మొండితనం చూసి చెప్పాల్సి వచ్చింది.

అన్నిటికన్నా బాగా పనిచేసింది బరువు మిషన్. నడకకి ముందు, వచ్చాక చెమట తుడుచుకుని, ఒకే లుంగీతో బరువు చూడాలి. కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయినట్టు. ఐదో రోజు 25 నిమిషాలకి 300 గ్రాములు తగ్గింది. రెండు వారాలయ్యాక అదే 25 నిమిషాలకి 450 గ్రాములు. కంగారుగా ఫోన్: "డాక్టరమ్మా, చెమట ఎక్కువైపోతోంది, మళ్లీ తేడా కొట్టిందా?" కాదు, అది ఒళ్లు దారిలో పడిందని గుర్తు. అదే దారి, అదే వేగం. మొదటిరోజు చివర్లో నాడి నేను పెట్టిన హద్దు దాటి 124, రెండు వారాలకి 108. ఎప్పుడైనా నడిచొచ్చాక బరువు పెరిగి ఉంటే, అవసరానికి మించి నీళ్లు తాగారన్నమాట. అలా ఒక్కరోజు జరిగింది, ఆవిడ చెంబు పట్టుకుని వెనకే నడిచిన రోజు.

జూన్ రెండో వారంలో నాలుగు రోజులు ఆపించాను. మబ్బు పట్టింది, వాన పడలేదు, గాలి లేదు, రాత్రుళ్లు కూడా చల్లబడలేదు. ఆ నాలుగు రోజులూ ఇంట్లోనే ఫ్యాన్ ఎదురుగా, మెడ మీద తడి తువాలుతో, కుర్చీలోంచి లేచి కూర్చోవడాలు. ఆయనకి పరువు తక్కువగా అనిపించింది.

ఇవన్నీ రాస్తుంటే ఒకటి గుచ్చుకుంటూనే ఉంటుంది. ఐదింటికి లేచి, నూలు చొక్కా వేసుకుని, నాడి చూసుకుని ఆగే వీలు ఈయనకి ఉంది. అదే నెలలో నా దగ్గరికొచ్చిన సెంట్రింగ్ మేస్త్రీకి లేదు. ఆయనకీ క్రియాటినిన్ 1.5. "మజ్జిగ తాగు, నీడలో ఆగుతూ చెయ్యి" అన్నాను. నవ్వి వెళ్లిపోయాడు.

ప్రదక్షిణ రోజు

మధ్యాహ్నం రథంతో పాటు బయల్దేరకూడదని ముందే ఒప్పందం. రాత్రి ఎనిమిదికి కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టారు. చెప్పుల విషయంలో నేను ఓడిపోయాను. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, జోడుగుళ్లపాలెం. దారి పొడవునా మజ్జిగ, పులిహోర పంచే శిబిరాలు ఉంటాయి కాబట్టి ఉప్పుకి లోటు లేదు. అప్పుఘర్ దగ్గర అరగంట కూర్చున్నారు, నాడి 104 అని మెసేజ్ పెట్టారు. మాధవధార దాటే ముందు ఆగిపోయారు. వేడి వల్ల కాదు, అరికాళ్లలో బొబ్బలు. భార్య ఆటో ఎక్కించేసింది. మర్నాడు పరీక్ష చేస్తే సోడియం 136, క్రియాటినిన్ 1.1. రిపోర్టు చూసి నేను సంబరపడ్డాను, ఆయన మాత్రం మిగిలిపోయిన కిలోమీటర్ల గురించే మాట్లాడారు.

నా వైపు లోపాలు మరో రెండున్నాయి. బొబ్బల గురించి ఆలోచించనే లేదు, షుగర్ పేషెంట్ పాదాలు ముందుగా చూడాల్సింది. పొటాషియం మళ్లీ చూడటానికి మూడు వారాలు పట్టింది, వారంలో చూడాల్సింది. ఇప్పుడు మా క్లినిక్‌లో నీరు లాగే మాత్రలు, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడేవారి ఫైళ్ల మీద శివరాత్రికల్లా ఎర్ర పెన్నుతో గుర్తు పెడుతున్నాం. వాళ్లకి మార్చిలో ఫోన్ వెళ్తుంది.

ఈ ఫిబ్రవరిలో ఆయన చెకప్‌కి వచ్చారు. బరువు 79. బీపీ 142/86. మందు పెంచాలా అని నేను ఫైలు తిరగేస్తుంటే ఆయనే అన్నారు. "పెంచితే పెంచండి డాక్టరమ్మా. నీరు లాగేది మాత్రం వినాయక చవితి దాటాక రాయండి."